లాసన్స్ బేలో పాత ఫ్లాటు అద్దెకోసం కొనాలా? ముందు ఆ స్లాబు సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ. ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు విశాఖపట్నం అక్కయ్యపాలెంలో. లాసన్స్ బే కాలనీలో 22 ఏళ్ల కిందటి అపార్ట్‌మెంటులో ఆఖరి అంతస్తు ఫ్లాటు, రెండు బెడ్‌రూములు, 62 లక్షలకు వస్తోంది. మీ దగ్గర 27 లక్షలు ఉన్నాయి, 40 లక్షలు లోను తీసుకుంటారు. అద్దె 18 వేలు గ్యారంటీ అని బ్రోకరు అన్నాడు. హాల్లో ఒకచోట సీలింగ్ పెచ్చులూడి ఇనుప చువ్వ కనపడుతోంటే, "పుట్టీ పెట్టి రంగేస్తే కొత్తిల్లే సార్" అన్నాడు. కొనొచ్చా? కొంటే హైదరాబాద్‌లో కూర్చుని రిపేర్లు ఎలా చూసుకోవాలి?

ఆ చువ్వ ఎందుకు బయటపడిందో తేలేదాకా రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి. ధర, అద్దె, లోను అన్నీ ఆ తర్వాతి మాటలే. సర్వీసు ఉన్నన్నాళ్లూ బిల్డింగ్ పనులు చూసినవాణ్ణి, ఇప్పుడు సీతమ్మధార, ఎంవీపీలో మావీ మా చెల్లెలివీ అద్దె ఇళ్ల బాగోగులు చూస్తున్నాను. మన ఊళ్లో అద్దె ఇల్లు గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది చాలామటుకు ఉప్పుగాలి, నీళ్లు తేలుస్తాయి.

ముందు లెక్క చూద్దాం. బ్రోకరు మీకు సగం లెక్కే చెప్పాడు. 62 లక్షల మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం ఏడున్నర శాతం, అంటే 4.65 లక్షలు. కమిషను, డాక్యుమెంటు ఖర్చులు కలిపితే 67 లక్షలు. ఈ రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు, అది మీ చేతి నుంచి పోవాల్సిందే. మీ 27, లోను 40 కలిపితే సరిగ్గా 67. తాళం చేతికొచ్చే రోజుకి మీ దగ్గర రిపేరుకు పైసా మిగలదు. ఆ సీలింగ్ ఉన్న ఇంటికి ఇది చాలా ప్రమాదం.

ఇక రాబడి. 18 వేల చొప్పున ఏడాదికి 2.16 లక్షలు. ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు వచ్చేలోపు, రంగులు వేయించేలోపు, ఒక నెల అద్దె పోయిందనుకోండి. ఇంటి పన్ను, ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్సు కలిపి పదివేలు వేసుకోండి. 20 ఏళ్లు దాటిన బిల్డింగ్ అయితే నేను ఏటా రెండు నెలల అద్దె రిపేర్లకు పక్కన పెట్టేస్తాను, ఇక్కడ అది 36 వేలు. పోగా మిగిలేది లక్షా యాభై రెండు వేలు. 67 లక్షల మీద రెండుంపావు శాతం. అదే 40 లక్షల లోనుకి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ 34,700 దాకా వస్తుంది. అద్దె పోను నెలకి 16, 17 వేలు మీ జీతంలోంచి వెళ్తాయి, ఏ రిపేరూ రాకపోయినా సరే.

పన్ను విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. అద్దె ఆదాయంలో మీరు కట్టిన మున్సిపల్ పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు నేరుగా వస్తుంది. రిపేరుకి మూడు లక్షలు పెట్టినా అంతే, మేకు కూడా కొట్టకపోయినా అంతే. రిపేరు బిల్లులు విడిగా చూపడానికి వీల్లేదు. లోను వడ్డీ తీసేయొచ్చు కానీ, దానివల్ల వచ్చే నష్టాన్ని జీతంలో తగ్గించుకోవడం పాత పన్ను విధానంలోనే కుదురుతుంది, అదీ ఏడాదికి 2 లక్షల వరకే. కొత్త విధానంలో ఉంటే ఆ ఆశ వదిలేయండి.

మరి అందరూ ఎందుకు కొంటున్నారంటే, రేటు పెరుగుతుందని. భోగాపురం విమానాశ్రయం, 2025లో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన, ఇవన్నీ చెప్పి అమ్ముతున్నారు. పెరగొచ్చు. కానీ అపార్ట్‌మెంటులో ఏళ్లు గడిచేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది, పెరిగేది మీ వాటా స్థలం విలువే. కాబట్టి దస్తావేజులో అవిభక్త వాటా ఎన్ని గజాలు రాశారో ముందు అది అడగండి. అది 30 గజాలా 55 గజాలా అన్నదాన్ని బట్టి 62 లక్షలు ఎక్కువో తక్కువో తెలుస్తుంది. ఇంకోటి, సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉంటే తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు, అదే సీఆర్‌జెడ్, వర్తిస్తాయి. రేపు పాతది కొట్టి కొత్తది కడదామంటే మామూలు ప్లాను అనుమతి ఒక్కటీ సరిపోదు. లాసన్స్ బేలో మీ బిల్డింగ్ ఆ గీతకి ఇటో అటో కనుక్కోండి.

ఇప్పుడు చువ్వ. కాంక్రీటుకి సహజంగా ఉండే క్షారగుణం వల్ల లోపలి ఇనుము తుప్పు పట్టకుండా ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి సన్న పగుళ్లలోంచి లోపలికి దిగితే ఆ రక్షణ పోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి దానికి. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు చువ్వ పొడుగునా చీలి, చివరికి పెచ్చుగా ఊడిపడుతుంది. కాబట్టి పెచ్చు ఊడటం అనేది జబ్బు మొదలు కాదు, ఎప్పుడో మొదలైంది పైకి కనపడటం. తీర ప్రాంతపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి చువ్వ కింద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో సీలింగ్ చెక్కి చూస్తే చాలాచోట్ల వేలు మందం కూడా ఉండదు. స్లాబు పోసేటప్పుడు చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టకుండా రాతిముక్క పెట్టడం, అది జారిపోవడం అప్పట్లో మామూలే.

ఈసారి వెళ్లినప్పుడు మీతో ఒక చిన్న సుత్తి పట్టుకెళ్లండి. పెచ్చు ఊడిన చోటు వదిలేసి దాని చుట్టూ, తర్వాత గది మొత్తం సీలింగ్‌ని మెల్లగా తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది. లోపల విడిపోయిన చోట డబడబమని బోలుగా పలుకుతుంది. ఆ బోలు శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీత గీయండి. రెండడుగుల మచ్చ అయితే ఒక బేరం, హాలు సగం అయితే ఇంకో బేరం. బాల్కనీ స్లాబు అడుగు తప్పకుండా చూడండి, గాలివాన నేరుగా కొట్టేది అక్కడే. తర్వాత కిందికి దిగి పార్కింగ్‌లో స్తంభాల మొదళ్లు చూడండి. నిలువునా పగులు, తుప్పు మరక స్తంభానికి ఉంటే నేనైతే వేరే ఇల్లు చూసుకుంటాను. సీలింగ్‌ని మీరు బాగుచేసుకోవచ్చు, స్తంభం 20 కుటుంబాల సొత్తు. వాళ్లందరూ ఒక్కమాట మీదికి ఎప్పుడొస్తారో చెప్పలేం.

ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గదికే కొత్త రంగు ఉంటే అనుమానించండి. అటకల లోపలి గోడలు, బీరువా వెనకాల, బాత్‌రూము అవతలి గోడ, ఇవి రంగు వేసేవాళ్లు వదిలేసే చోట్లు. వీలైతే అక్టోబరు, నవంబరు వానల్లో చూడటం మంచిది. మనకి తుపాను వానలు ఆ నెలల్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ బిల్డింగ్‌కి ఏమైంది, ఏం రిపేరు చేశారు అని పాతకాపుల్ని అడగండి. అమ్మేవాడు చెప్పనిది వాచ్‌మన్ చెప్తాడు. టీ తాగించండి, సరిపోతుంది.

రిపేరు ఎలా చేయాలంటే, ఇక్కడ వరస ముఖ్యం. చాలామంది కింద సీలింగ్ చేయిస్తారు, పైన డాబా వదిలేస్తారు. పైనుంచి నీళ్లు దిగుతున్నంత కాలం కింద ఏం చేసినా రెండు వానాకాలాల ముచ్చట. మొదట డాబా మీద నీటివాటం సరిచేసి, పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, ఒక రోజంతా నీళ్లు నిలగట్టి కింద చెమ్మ రాలేదని చూసుకోవాలి. అప్పుడు కింద జాకీలు పెట్టి, బోలుగా పలికిన కాంక్రీటంతా చువ్వ వెనక వేలు దూరేదాకా చెక్కించాలి. చువ్వని వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. బాగా సన్నబడితే పక్కన కొత్త చువ్వ కట్టాలి. తర్వాత తుప్పు పట్టనివ్వని పూత, దానిమీద బాండింగ్ కోటు, ఆపైన పాలిమర్ మోర్టార్ పొరలు పొరలుగా, చివర్లో తడుపు. మేస్త్రి "ఎందుకు సార్ ఇదంతా, సిమెంటు పాలు కొట్టి పూసేద్దాం" అంటాడు. మామూలు సిమెంటు పూత తుప్పు చువ్వకి పట్టుకోదు, పుండు మీద పౌడరు అద్దినట్టే. ఈ పని తెలిసినవాడితో ముందే చదరపు అడుగు లెక్కన ధర మాట్లాడుకోండి. చెక్కాక విస్తీర్ణం పెరగడం ఖాయం, అప్పుడు గొడవ ఉండదు.

డాబా ఎవరిది అన్న పంచాయితీ కూడా ముందే తేల్చుకోండి. చట్టప్రకారం అది అందరి ఉమ్మడి భాగం, ఖర్చు అసోసియేషన్‌దే. వాస్తవంలో "నీళ్లు కారేది మీ ఇంట్లో కదా, మీరే చేయించుకోండి" అనే అసోసియేషన్లు బోలెడు. నాకు తెలిసిన ఒక చోట కింది అంతస్తులవాళ్లు మూడేళ్లు మీటింగులు పెట్టి టిఫిన్లు తిన్నారు తప్ప డాబాకి బస్తా సిమెంటు రాలేదు. అందుకే అసోసియేషన్ ఖాతాలో ఎంత ఉంది, డాబా పని ఆఖరిసారి ఎప్పుడు చేశారు, ఎవరు డబ్బు పెట్టారు అని అధ్యక్షుణ్ణి అడిగి, పాత బకాయిల్లేవని కాగితం తీసుకోండి. కొత్త బిల్డింగ్ అయితే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కింద ఇల్లు అప్పగించిన ఐదేళ్ల వరకు నిర్మాణ లోపాలు బిల్డరే సరిచేయాలి. 22 ఏళ్లదానికి అడగడానికి బిల్డరే ఉండడు.

కాగితాల గురించి క్లుప్తంగా. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం), లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను లాయరుకి చూపించండి. పై అంతస్తు ప్లానులో ఉందో లేదో ప్రత్యేకంగా చూడమనండి, తర్వాత లేపిన అంతస్తులు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితాలో, అదే 22ఏ నిషేధిత జాబితాలో, లేదని నిర్ధారించుకోండి. లాసన్స్ బేలో ఆ భయం తక్కువేమో గానీ, చవగ్గా వస్తోందని మీరు రేపు వేపగుంట, అడివివరం వైపు చూస్తే సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూ సమస్య ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. ధర 50 లక్షలు దాటింది కనుక అమ్మేవాడికిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ కోసి కట్టాల్సిన బాధ్యత మీదే. అమ్మేవాడు విదేశాల్లో స్థిరపడినవాడైతే కోత 1 శాతంతో ఆగదు, ఆడిటర్‌ని అడగకుండా డబ్బు వేయకండి.

కొన్నారే అనుకుందాం. ఆఖరి అంతస్తు కాబట్టి మీ బాత్‌రూము నీళ్లు కింది ఇంట్లోకి కారతాయి, వాళ్లు హైదరాబాద్‌కి ఫోను చేసి మిమ్మల్ని తిడతారు. ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఫోను వచ్చినప్పుడు ప్లంబర్‌ని పంపేముందు వాళ్లని ఒకే ప్రశ్న అడగండి: ఎప్పుడు కారుతోంది? రాత్రీపగలూ ఆగకుండా కారుతుంటే గోడలో నీళ్ల పైపు పోయినట్టు, పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులు లోపల తుప్పుతిని అలాగే అవుతాయి. స్నానాలయ్యాక మాత్రమే కారితే నానీ ట్రాపు (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) దగ్గరో టైల్స్ సందుల్లోనో లోపం. వాన పడినప్పుడే అయితే బయటి గోడ. అనుమానం తీరకపోతే నానీ ట్రాపుకి గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు పెట్టి అందులో బట్టల నీలం కలపమనండి. ఒక రోజులో కింద నీలం మరక వస్తే నేల కారుతోందని తేలిపోతుంది. ఇవేవీ చూడకుండా వచ్చీరాగానే టైల్స్ పగలగొడతానన్న ప్లంబర్‌ని మర్యాదగా పంపేయండి. చాలాసార్లు సందుల్లో పాత సిమెంటు గీకేసి ఎపాక్సీ నింపితే సరిపోతుంది.

సముద్రం దగ్గర ఇంటికి కొన్ని వస్తువులు అసలు పెట్టకూడదు. మామూలు ఇనుప గ్రిల్లు పెడితే రెండేళ్లకోసారి గీకి రంగు వేయాల్సిందే. కిటికీలు తుప్పు పట్టని గట్టి ప్లాస్టిక్ ఫ్రేములకి, అదే యూపీవీసీకి, మార్చండి. ఏసీ మీరు పెట్టివ్వకండి, బయటి యూనిట్‌ని ఉప్పుగాలి తినేస్తుంది, ఆ రిపేరు మీ నెత్తినపడుతుంది. అద్దెకొచ్చేవాళ్లే తెచ్చుకుంటారు. విద్యుత్తులో మాత్రం ఖర్చుకి వెనకాడకండి. ఎర్తింగ్ పరీక్ష చేయించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాకే ఇల్లు అద్దెకివ్వండి. తడి గోడలు, పాత వైరింగ్, గీజరు ఒక్కచోట చేరితే ప్రాణాలమీదికి వస్తుంది.

అద్దె ఒప్పందం అందరిలాగే 11 నెలలకి రాసుకోండి, అయితే మన రాష్ట్రంలో గడువు ఏడాది లోపైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. అందులో ఏ రిపేరు ఎవరిదో రాయకపోవడమే గొడవలన్నిటికీ మూలం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఈ పంపకం చక్కగా ఉంది, దాన్నే మీ ఒప్పందంలోకి దించుకోండి. నిర్మాణం, వెల్ల, పైపులు మార్చడం, వైరింగ్ యజమానివి. కుళాయి, వాషరు, స్విచ్చి, తాళం, డ్రెయిను శుభ్రం అద్దెదారువి. నేను అదనంగా ఒక వాక్యం రాస్తాను: వెయ్యిన్నర లోపు అత్యవసర పని ఏదైనా అద్దెదారే చేయించి, బిల్లు ఫోటో పంపి అద్దెలో తగ్గించుకోవచ్చు. దాంతో రాత్రి పదింటికి వచ్చే ఫోన్లు సగం తగ్గాయి. చేరే రోజే ప్రతి గదీ వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగుతో సహా ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో ఏసీడీ అని అదనపు డిపాజిట్ ఎప్పుడైనా వస్తే అద్దెదారుతో వాదించకండి, అది సర్వీసు పేరున ఉండిపోయే డబ్బు, మీరే కట్టండి. ఇంటి పన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ ఉంటుంది, ఆన్‌లైన్లోనే అయిపోతుంది.

నాన్నగారు అక్కయ్యపాలెంలో ఉన్నారు కదా, ఆయన చూసుకుంటారులే అని రాశారు. పెద్దాయన్ని టు-లెట్ బోర్డు దగ్గర, మేస్త్రి దగ్గర నిలబెట్టకండి. అద్దె వసూలు మీ ఖాతాకే రానివ్వండి, పనులకి ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియన్ నంబర్లు అద్దెదారుకే ఇచ్చేయండి. ఆయన రెండు మూడు నెలలకోసారి వెళ్లి సీలింగ్ వైపు ఒకసారి చూసివస్తే చాలు.

ఇక ఆ ఫ్లాటుకి. తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరుని తీసుకెళ్లి చూపించి, సీలింగ్‌కీ డాబాలో మీ వాటాకీ ఎంతవుతుందో రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. స్తంభాలు బాగున్నాయని ఆయన చెబితే, ఆ అంచనాకి మూడోవంతు కలిపి ధరలో తగ్గించమనండి. ఒప్పుకుంటే తీసుకోండి, మిగిలిన ఆ డబ్బు మాత్రం కారు కొనడానికి కాకుండా స్లాబుకే పెట్టండి. ఒప్పుకోకపోతే అదే బడ్జెట్లో సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు మధ్య అంతస్తుల్లో వెతకండి. సముద్రం కనపడదు గానీ అద్దెకొచ్చే ఉద్యోగస్తులు దాన్ని పెద్దగా అడగరు. స్కూలు ఎంత దూరం, బస్సు ఎక్కడ ఆగుతుంది, కుళాయి నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి, ఇవే అడుగుతారు.